టీకాకు వచ్చిన తల్లికి పోషకాహారం ప్యాకెట్ ఇస్తే పిల్లల టీకాలు పెరుగుతాయా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదండీ. మీ ట్రస్టు గిరిజన ఏజెన్సీ ప్రాంతంలో ఒక మండలంలో పనిచేస్తోంది. అక్కడి తల్లులు పిల్లలకు మొదటి ఒకటి రెండు సూదులు వేయించి తర్వాత రావడం మానేస్తున్నారు. ఒక కంపెనీ పిల్లల న్యూట్రిషన్ పౌడర్ దాదాపు ఉచితంగా ఇస్తానంటోంది. టీకాకు వచ్చిన ప్రతి తల్లికీ ఒక ప్యాకెట్ చేతిలో పెడితే రాకపోకలు పెరుగుతాయా, అది లంచం కిందికి వస్తుందా అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే: పెరుగుతాయి. కానీ టీకాల రోజున నర్సమ్మ తప్పకుండా వచ్చే చోటే, మొదలుపెట్టి మధ్యలో ఆపేస్తున్న తల్లుల విషయంలోనే. ఇక ఇచ్చేది ఆ పౌడర్ కాకూడదు, కనీసం మొదటి ఆరు నెలల్లో. లంచం కాదని నా అభిప్రాయం. ఎందుకో కింద రాస్తాను.

నేను మొదట పీహెచ్‌సీలో డాక్టరుగా, తర్వాత స్వచ్ఛంద సంస్థలతో కలిసి పిల్లల టీకాల పనే ఎక్కువగా చేశాను. ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో ప్రతి ట్రస్టూ అడుగుతుంది. కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నా.

ముందు ఉదయ్‌పూర్ సంగతి. ఈ విషయంలో మన దేశంలో జరిగిన అసలైన పరీక్ష అదే. రాజస్థాన్‌లోని ఉదయ్‌పూర్ జిల్లా పల్లెల్లో సేవా మందిర్ అనే సంస్థతో కలిసి అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, రేచెల్ గ్లెన్నర్‌స్టర్, ధ్రువ కొఠారీ అనే పరిశోధకులు చేశారు. ఫలితాలు 2010లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి. మొత్తం 134 పల్లెలు. 30 పల్లెల్లో ప్రతి నెలా ఒకే తేదీన, తప్పకుండా జరిగే టీకా క్యాంపు పెట్టారు. ఇంకో 30 పల్లెల్లో అదే క్యాంపుతో పాటు, టీకా వేయించిన ప్రతిసారీ తల్లికి కిలో పప్పు ఇచ్చారు. ఏడాది లోపు వేయాల్సిన టీకాలన్నీ పూర్తయితే భోజనం పళ్లాల సెట్టు. మిగతా 74 పల్లెలను అలాగే వదిలేశారు.

చివరికి లెక్క చూస్తే, ఏమీ చేయని పల్లెల్లో అన్ని టీకాలూ పూర్తయిన పిల్లలు 6 శాతం. క్యాంపు ఒక్కటే ఉన్నచోట 18 శాతం. క్యాంపు, పప్పు రెండూ ఉన్నచోట 39 శాతం.

ఈ మూడు అంకెల్లో అందరూ 39 దగ్గర ఆగిపోతారు. మీరు 18 దగ్గర కాసేపు ఆగండి. ఒక్క గింజ పప్పు ఇవ్వకుండా, నర్సు చెప్పిన రోజున చెప్పిన చోట ఉంటే చాలు, మూడింతలైంది. అంతకుముందు ఆ ప్రాంతంలో సబ్‌సెంటర్లు ఏ రోజు చూసినా దాదాపు సగం తాళం వేసి ఉండేవి. బిడ్డను చంకనేసుకుని అంతదూరం నడిచి, మూసిన తలుపు చూసి వెనక్కి వెళ్లిన తల్లి మళ్లీ రాదు. పప్పు ఆశ చూపినా రెండోసారి మోసపోయాక రాదు. కాబట్టి మొదటి షరతు పప్పు కాదు, తేదీ.

ఇంకోటి. ఆ 39 శాతం చూసి మురిసిపోయేవాళ్లకు నేను గుర్తుచేసేది, పప్పు ఇచ్చినా 61 శాతం మంది పిల్లలకు పూర్తికాలేదు. ఇది మంత్రం కాదు. దీనితోనే గండం గట్టెక్కుతుందని మీ బోర్డుకు మాటివ్వకండి.

ఖర్చు సంగతి మాత్రం చాలామంది ఊహకు ఎదురుగా ఉంటుంది. పప్పు ఇస్తే ఖర్చు పెరుగుతుంది కదా అంటారు. ఉదయ్‌పూర్‌లో టీకాలు పూర్తయిన ఒక్కో బిడ్డకు అయిన ఖర్చు క్యాంపు ఒక్కటే పెడితే సుమారు 56 డాలర్లు, పప్పు కూడా ఇస్తే సుమారు 28 డాలర్లు. నర్సు జీతం, జీపు, ఐస్‌ప్యాకుల పెట్టె, వీటి ఖర్చు ఇద్దరొచ్చినా ఇరవై మంది వచ్చినా ఒకటే. ఎక్కువమంది వస్తే తలకు పడే ఖర్చు తగ్గుతుంది. అంతే లెక్క.

మరి కిలో పప్పుకే ఎందుకు వస్తారు? పప్పుకు బిడ్డ ఆరోగ్యాన్ని అమ్ముకునే తల్లులు కాదు వాళ్లు. టీకా మీద వాళ్లకు గట్టి వ్యతిరేకతా లేదు, గట్టి తొందరా లేదు. ఇవాళ వెళ్తే ఒక పూట కూలి పోతుంది, బిడ్డ ఏడుస్తుంది, రాత్రి జ్వరం వస్తుంది. లాభమేమో ఎప్పుడో రాబోయే, అసలు రాకుండా పోయే జబ్బు. రాని జబ్బు కళ్లకు కనిపించదు. అలాంటప్పుడు "వచ్చే నెల వేయిద్దాంలే" అనుకోవడం మనిషి సహజం. మనం పళ్ల డాక్టరు దగ్గరకు వెళ్లడం ఎన్నిసార్లు వాయిదా వేస్తాం? పప్పు ఆ వాయిదాను ఇవాళ్టికి లాగుతుంది. అందుకే లంచం అనే మాట నాకు సరిపోదనిపిస్తుంది. ఇష్టం లేని పని చేయించడానికి ఇచ్చేది లంచం. పోయిన పూట కూలిలో కొంత తిరిగి ఇస్తే లంచం ఎలా అవుతుంది?

ఉదయ్‌పూర్‌లో కూడా పప్పు వల్ల వచ్చిన తేడా ఎక్కువగా తర్వాతి డోసుల్లోనే. మొదటి సూదికి పప్పు లేని క్యాంపులకు కూడా బాగానే వచ్చారు. మూడోదానికి, నాలుగోదానికి వచ్చేసరికే పప్పు లేనిచోట పలచబడ్డారు.

అందుకే మీకు నా మొదటి సలహా: ఏదైనా ఆర్డర్ పెట్టే ముందు ఏఎన్ఎం (టీకాలు వేసే నర్సమ్మ) రిజిస్టర్ తీసి, మీ పిల్లలు ఎక్కడ జారిపోతున్నారో చూడండి. పుట్టినప్పుడు బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్ బి. తర్వాత 6, 10, 14 వారాలకు పెంటావాలెంట్ (ఐదు జబ్బులకు కలిపి ఒకే సూది, పెంటా అంటారు), దాంతో పాటు వేసేవి. ఆపైన 9 నెలలకు ఎంఆర్, అంటే తట్టు, రుబెల్లా టీకా. అంటే మొదటి ఏడాదిలో ఐదుసార్లు రావాలి. మొదటి పెంటాకు ఎంతమంది, మూడోదానికి ఎంతమంది, ఎంఆర్‌కు ఎంతమంది, ఈ మూడూ పక్కపక్కన రాసుకోండి. మొదటి పెంటాకే రానివాళ్లు ఎక్కువుంటే మీ సమస్య దారిదో, నర్సుదో, భయానిదో. మూడో పెంటా దగ్గర జారితే జ్వరం భయమో, కూలి పనో. 14 వారాల నుంచి 9 నెలల మధ్య మాయమైతే వలసో, మరుపో.

ఈ జారిపోవడంలో మన దగ్గర ఒక ప్రత్యేకమైన కారణం ఉంది, బయటి పరిశోధనల్లో పెద్దగా కనిపించదు. తొలి కాన్పు పుట్టింట్లో. మొదటి సూదులు పుట్టింటి ఊరి రిజిస్టర్‌లో పడతాయి. మూడో నెలలోనో ఐదో నెలలోనో తల్లి బిడ్డతో అత్తింటికి వెళ్తుంది. ఈ ఊరి ఆశా కార్యకర్త "వెళ్లిపోయారు" అని రాస్తుంది. ఆ ఊరి ఆశాకు బిడ్డ వచ్చినట్టే తెలియదు. కార్డు ట్రంకుపెట్టెలోనో అమ్మగారింట్లోనో ఉండిపోతుంది. ఇలాంటి బిడ్డకు మీరు ఎంత పౌడర్ ఇచ్చినా ఉపయోగం లేదు. రెండు ఊళ్ల ఆశాలు ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకుంటే పైసా ఖర్చు లేకుండా పని జరుగుతుంది. నేను చూసిన మండలాల్లో "డ్రాపవుట్" అని రాసుకున్నవాళ్లలో చాలామంది ఈ బాపతే.

ఇక పౌడర్ దగ్గరకు వద్దాం. మీ ప్లాన్‌లో నాకు నిజంగా టెన్షన్ పెట్టింది ఇదే.

చూడండి, ఐదుసార్లలో నాలుగు 14 వారాల లోపే అయిపోతాయి. ఆ వయసు బిడ్డకు తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా పట్టకూడదని మనమే చెబుతున్నాం. అదే తల్లికి అదే రోజున, అదే తెల్లకోటు చేతుల మీదుగా, నవ్వుతున్న పాప బొమ్మ ఉన్న పౌడర్ ప్యాకెట్ ఇస్తే ఆమెకు ఏమర్థమవుతుంది? డాక్టర్లే ఇచ్చారు కాబట్టి పట్టొచ్చని. ప్యాకెట్ వెనకాల చిన్న అక్షరాల్లో ఆరు నెలల తర్వాత అని ఉంటుంది, ఎవరు చదువుతారు? పాలకు బదులు చెరువు నీళ్లలో కలిపిన పౌడర్ పడితే విరేచనాలు. ఒక జబ్బుకు టీకా వేసి ఇంకో జబ్బు చేతికిచ్చినట్టు.

చట్టం కూడా ఒకటుంది. 1992 నాటి శిశు పాల ప్రత్యామ్నాయాల చట్టం, 2003లో సవరించారు. పాలపొడులు, పాలసీసాలే కాదు, రెండేళ్ల లోపు పిల్లల కోసమని అమ్మే ఆహారం కూడా దాని కిందికి వస్తుంది. వాటి వాడకాన్ని, అమ్మకాన్ని పెంచడానికి ఉచిత శాంపిళ్లు, బహుమతులు ఇవ్వడం నిషేధం. కంపెనీ దాదాపు ఉచితంగా ఎందుకిస్తోందో మీరు అడిగారా? నేనైతే సంతకం పెట్టే ముందు లాయర్‌కు చూపిస్తాను.

మరి ఏమివ్వాలి? తల్లి తినేది, ఇల్లంతా వాడుకునేది. కందిపప్పు, వేరుశనగలు, గుడ్లు, నూనె, బెల్లం. పాలిచ్చే తల్లికి తిండి అందితే బిడ్డకు అందినట్టే. పప్పుకు ఇంకో సుగుణం ఉంది: అందరికీ ధర తెలుసు. ఇది ఎంత విలువైందో ఎవరూ ఉపన్యాసం ఇవ్వనక్కర్లేదు. తల్లి కొంగున మూట కట్టుకుని వెళ్తుంటే ఇంట్లో అత్తగారు కూడా "టీకాకి వెళ్లొచ్చావా, మంచిది" అంటుంది. విటమిన్ మాత్రలో పౌడరో తెస్తే అనదు. గుడ్లు మంచివే కానీ కొండదారిలో మోయడం నరకం, నేను చూశాను.

పిల్లలకిచ్చే పోషక మందులు పనికిరావని నా ఉద్దేశం కాదు. ఆరు నెలలు దాటాక సంగతి వేరు. వేరుశనగ ముద్ద, నూనె, పాలపొడిలో విటమిన్లు, ఖనిజాలు కలిపి రోజుకు 20 గ్రాముల చొప్పున ఇచ్చే చిన్న సాచెట్లు ఉన్నాయి. వివిధ దేశాల్లో జరిగిన ట్రయల్స్ అన్నీ కలిపి లెక్కిస్తే, 6 నుంచి 24 నెలల వయసులో ఇవి అందిన పిల్లల్లో మరణాలు 27 శాతం తక్కువగా కనిపించాయి. అంటే ఇక్కడ ఎర కూడా మందే. మాలి దేశంలో వీటిని ప్రతి నెలా ఊరి సమావేశానికి వచ్చిన తల్లులకు ఇచ్చి, అక్కడే పిల్లల్లో పోషకాహార లోపం ఉందేమో పరీక్షించారు. పరీక్షకు వచ్చిన పిల్లలు ప్రతి వందమందిలో దాదాపు 40 మంది పెరిగారు. కానీ లోపం ఉందని తేలిన పిల్లలు చికిత్సకు వెళ్లడం మాత్రం పెరగలేదు. సాచెట్ ఇచ్చేచోటికి వచ్చారు, ఇవ్వనిచోటికి వెళ్లలేదు. ఎక్కడ ఏ పని జరగాలో ఎర అక్కడే ఉండాలి.

మన దగ్గర ఈ వయసులో ఇప్పటికే ఒక ముడి ఉంది, చాలామంది గమనించరు. 9 నెలల ఎంఆర్ టీకాతో పాటే విటమిన్ ఎ మొదటి డోసు, లక్ష యూనిట్లు, చెంచాతో పోస్తారు. తర్వాత ఐదేళ్లు వచ్చేదాకా ఆరు నెలలకోసారి రెండు లక్షల యూనిట్లు. "కళ్లకు మంచిది" అంటే సూదికి జంకే నాయనమ్మలు కూడా చుక్కల మందుకు సరేనంటారు. ఉన్నదాన్నే సరిగ్గా చెప్పుకుంటే కొంత పని అయిపోతుంది.

ఒక హెచ్చరిక. అంగన్‌వాడీలో హక్కుగా వచ్చేదాన్ని టీకాకు ముడిపెట్టకండి. మీ ఊళ్లో ఎవరో ఒకరు తప్పకుండా ఈ ఐడియా ఇస్తారు: "సూది వేయించని వాళ్లకు బాలామృతం ఆపేస్తే సరి, కొత్తగా కొనేదేముంది?" 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం ఆరు నెలల నుంచి ఆరేళ్ల పిల్లలకు, గర్భిణులకు, బిడ్డకు ఆరు నెలలు వచ్చేదాకా తల్లులకు పోషకాహారం హక్కు. దాన్ని ఆపితే ఆకలి శిక్ష పడేది టీకా పడని బిడ్డకే. ఎక్కువ బలహీనంగా ఉండేదీ ఆ బిడ్డే. పైగా టీకా ఒక్కటే కాదు, తల్లి అంగన్‌వాడీ మెట్లు ఎక్కడం కూడా మానేస్తుంది. ఇచ్చేది అదనంగా ఉండాలి, ఉన్నదాంట్లోంచి కోత కాకూడదు.

డబ్బు ఇవ్వొచ్చు కదా అంటారా? ఇవ్వొచ్చు. తెలంగాణలో 2017 జూన్‌లో మొదలైన కేసీఆర్ కిట్ పథకంలో మగబిడ్డకు 12,000, ఆడబిడ్డకు 13,000 రూపాయలు విడతలుగా పెట్టారు. అందులో మూడున్నర నెలల టీకాలకు 2,000, తొమ్మిది నెలల టీకాకు 3,000 ఉండేవి. సర్కారుకు అది వీలు. మీలాంటి ట్రస్టుకు బ్యాంకు ఖాతాలు, ఆధార్ తప్పులు, వీటితోనే ఏడాది గడిచిపోతుంది. ఇవాళ సూది వేస్తే డబ్బు రెండు నెలల తర్వాత ఖాతాలో పడితే తల్లి మనసులో ఆ రెండింటికీ సంబంధం ఉండదు. అదే పప్పైతే సూది వేసిన చేతి పక్కనే ఉంటుంది. కరాచీలో పేదల బస్తీల్లో తిండికీ మందులకూ వాడుకునే కూపన్లు ఇస్తే డీటీపీ (డిఫ్తీరియా, ధనుర్వాతం, కోరింత దగ్గు టీకా) మూడు డోసులూ సమయానికి పూర్తిచేసిన పిల్లలు రెండింతలకు పైగా అయ్యారు. చేతికి వెంటనే అందడంలోనే ఉంది కిటుకంతా.

ఎక్కడ పనిచేయదో కూడా చెప్పాలి.

టీకాలు ఇప్పటికే బాగా పడుతున్నచోట పెద్దగా తేడా రాదు. కెన్యాలో ఒక ట్రయల్‌లో ఎస్సెమ్మెస్‌లతో పాటు సమయానికి వేయించిన ప్రతి టీకాకు 200 షిల్లింగులు ఇచ్చారు. ఏడాది నిండేసరికి టీకాలన్నీ పూర్తయినవాళ్లు, ఏమీ ఇవ్వనిచోట 82 శాతమైతే వీళ్లలో 90. మంచిదే, కానీ ఆ 82 మందికీ ఎలాగూ వచ్చేదానికే డబ్బులిచ్చినట్టు. ఉదయ్‌పూర్ నాటి 6 శాతం పరిస్థితి ఇప్పుడు మన దేశంలో దాదాపు ఎక్కడా లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద 12–23 నెలల పిల్లల్లో పూర్తి టీకాలు పడినవాళ్లు 76 శాతం. కాబట్టి మండలమంతా పంచకండి. బాగా వెనకబడ్డ గూడేలు ఏవో తేల్చుకుని అక్కడే పెట్టండి.

భయం ఉన్నచోట అయితే కానుక ఎదురుతిరుగుతుంది. "ఊరికే ఎందుకిస్తారు? అందులో ఏదో ఉంది" అనే మాట పుడితే మీ పప్పే దానికి సాక్ష్యం అవుతుంది. ఒక ఊళ్లో సూది వేసిన రాత్రి ఒక బిడ్డకు గట్టి జ్వరం వచ్చింది. మర్నాడు ఆ వీధిలో ఎవరూ తలుపు తీయలేదు. అక్కడ పనిచేసింది ఏ కానుకా కాదు. ఏఎన్ఎం పొద్దున్నే ఆ ఇంటికెళ్లి బిడ్డను చూసి, పారాసిటమాల్ ఎంత వేయాలో చెప్పి, సాయంత్రం మళ్లీ వెళ్లింది. వారానికి ఆ ఇంటి నాయనమ్మే పక్కింటివాళ్లకు నచ్చజెప్పింది. జ్వరం రావచ్చని ముందే చెబితే అది మామూలు విషయం. చెప్పకపోతే అది మోసం కింద లెక్క.

హర్యానాలో తర్వాత జరిగిన పెద్ద ప్రయోగంలోనూ ఇలాంటిదే తేలింది. ఫోన్ రీఛార్జులు, ఎస్సెమ్మెస్‌లు, ఊళ్లో కబుర్లు మోసేవాళ్లు ఎవరో ఊరివాళ్లనే అడిగి వాళ్ల చేత చెప్పించడం, ఇలా రకరకాలుగా కలిపి చూశారు. మొత్తం మీద ఎక్కువ పెరిగింది మూడూ కలిపి, రీఛార్జు విలువ డోసు డోసుకూ పెంచినచోట. పెట్టిన రూపాయికి ఎక్కువ ఫలితం మాత్రం రీఛార్జు లేకుండా కబుర్లవాళ్లు, ఎస్సెమ్మెస్‌లు ఉన్నచోట. మీ గూడెంలో ఆ కబుర్ల మనిషి ఎవరో మీకు తెలియకపోవచ్చు, కిరాణా కొట్టు ఆవిడకు తప్పకుండా తెలుస్తుంది.

ఇవన్నీ చూసుకున్నాక కూడా మొదలుపెడదామనుకుంటే పని ఇలా చేయండి.

మొదటి మూడు నెలలు ఏమీ పంచొద్దు. బుధవారం, శనివారం టీకాల సెషన్లు అనుకున్న చోట అనుకున్న సమయానికి జరిగేలా చూడండి. సంత రోజుతో ఢీకొంటే మెడికల్ ఆఫీసర్‌తో మాట్లాడి మార్పించండి, లేదా సంత దగ్గరే పెట్టించండి. జీపుకు డీజిల్ పోయడం మీ డబ్బుకు పౌడర్ కన్నా మంచి ఖర్చు.

తర్వాత పప్పు. డోసు డోసుకూ విలువ కాస్త పెంచండి, ఎంఆర్ దగ్గర అన్నిటికన్నా పెద్దది పెట్టండి, పళ్లాలో కుక్కరో. ఏఎన్ఎంకి పంపకం పని అంటగట్టకండి. ఆమె సూది వేసి కార్డు మీద రాస్తుంది, ఆ కార్డు చూసి మీ మనిషి పప్పిచ్చి స్టాంపు వేస్తాడు. పప్పు కోసం నాలుగు వారాలు నిండకుండానే వచ్చేవాళ్లు ఉంటారు. డోసుల మధ్య 28 రోజులు ఉండాల్సిందే, కార్డు చూడకుండా సూదీ వద్దు, పప్పూ వద్దు. పక్క ఊళ్ల నుంచి కూడా వస్తారు, ఉదయ్‌పూర్‌లో బాగా వచ్చారు. వాళ్లను వెనక్కి పంపకండి, టీకా ఏ ఊరి బిడ్డకు పడినా పడినట్టే. ఆ మేరకు స్టాకు ఎక్కువ ఉంచుకోండి.

స్టాకు అయిపోవడం అన్నిటికన్నా ప్రమాదం. ఒక సంస్థ స్టీలు డబ్బాలు ఇస్తామని టాంటాం వేయించి రెండో నెలలోనే చేతులెత్తేసింది. "పోయినసారి ఆమెకిచ్చారు, నాకెందుకివ్వరు" అని గొడవ. ఆ గొడవ పడింది డబ్బాల సంస్థతో కాదు, అక్కడే ఉండే ఆశాతో. ఏడాదికి సరిపడా డబ్బు చేతిలో లేకుండా మొదలుపెట్టొద్దు. ఆశాలకు కూడా ముందే చెప్పండి. బిడ్డకు మొదటి ఏడాది టీకాలన్నీ పూర్తిచేయిస్తే ఆమెకొచ్చేది 100 రూపాయలు. తల్లికి కుక్కర్, తనకు వంద అంటే మనసు కష్టపెట్టుకోవడంలో తప్పులేదు. ఆమెకు కూడా ఒక పళ్లాల సెట్టు ఇవ్వండి.

కంపెనీ పౌడర్ ఇప్పటికే వచ్చేసి గోడౌన్‌లో ఉంటే, లాయర్ సరేనన్నాకే, కంపెనీ పేరూ బొమ్మా కనిపించకుండా, 9 నెలల ఎంఆర్ సెషన్‌లోనూ, 16 నెలలు దాటాక వేసే బూస్టర్ సెషన్‌లోనూ మాత్రమే ఇవ్వండి. ఎలా కలపాలో అంగన్‌వాడీ టీచర్ చేత చేసి చూపించండి. గడువు తేదీ ఇవాళే చూసుకోండి, దాదాపు ఉచితంగా వచ్చే సరుకు గడువు ఎప్పుడూ దగ్గర్లోనే ఉంటుంది. రిజిస్టర్‌లో మొదటి పెంటా, మూడో పెంటా, ఎంఆర్ లెక్కలు తీశాక పిల్లల పేర్లు లేకుండా అంకెలు మాత్రం ఇక్కడ పెట్టండి, ఎక్కడ జారుతున్నారో చూసి చెబుతాను.